గుప్పెడు నూకలకు కొన్న పిల్ల

భరణి కార్తె, తొమ్మిదో రోజు

లోపల ఇద్దరు. నీళ్లు ఆరు బిందెలు. గాలిగుడ్డ ఉతికి ఆరేశాను.

ఇంటి పుస్తకంలో ఈ మూడు ముక్కలు రోజూ రాయాలి: మనుషులు, నీళ్లు, దుమ్ము ఆపడానికి కిటికీకి కట్టే గుడ్డ. వాటి కింద ‘ఇతర విశేషాలు’ అని ఒక గడి ఉంటుంది. ఎండలకి తాళలేక కొండ లోపలికి వచ్చిన ఈ పందొమ్మిదేళ్లలో ఆ గడిలో నేనేమీ రాయలేదు. దేవుడికి చెప్పుకున్న సంగతి మళ్లీ పుస్తకానికి ఎందుకు చెప్పాలి అనుకునేదాన్ని.

ఈ రోజు రాస్తున్నాను.

నిన్నటి దాకా లోపల ఒక్కరే. నా చెల్లెలు నూకరత్నం పొద్దున్నే బట్టల మూటతో ఆరో అంతస్తు నుంచి దిగి వచ్చింది. దాని భర్త పోయి ఇరవై రోజులైంది. గది అతని పేరు మీద ఉండేది, అతనితోనే పోయింది. గుమ్మంలో నిలబడి గది నాలుగు మూలలూ చూసి, “అప్పా, ఇక్కడ ఇద్దరం పడుకుంటే ఒకలు గోడ పట్టుకుని నిలబడాల” అంది. మూడు వారాల తర్వాత అది నవ్వడం అదే మొదలు. నేను చాప వేశాను.

ఇల్లు మారినా, పెళ్లి అయినా, మొగుడు పోయినా ముప్పై రోజుల్లోగా శాశ్వత నివాస కార్డులో మార్పు చేయించుకోవాలి. గడువు దాటడం మా ఇంట్లో లేదు. మధ్యాహ్నమే ఇద్దరం నమోదు గదికి వెళ్లాం. అక్కడ మనిషి ఉండడు. గోడలో ఒక జాలీ, దాని వెనక ఒక గొంతు. గుమస్తా జోగారావుగారు పక్క గదిలో కూర్చుని వచ్చిన కాగితాలు సర్దుతుంటారు.

గొంతు ఒక్కొక్కటే అడిగింది. నివాసం మార్పు: అక్క ఇల్లు. స్థితి మార్పు: భర్త లేడు. హక్కు ఎవరి నుంచి: ఇంతవరకు భర్త నుంచి, ఇక మీదట తల్లి నుంచి. కొండ తవ్వడానికి మా అమ్మ మూడెకరాల జీడితోట ఇచ్చింది. తవ్వకం పూర్తి కాకముందే తను పోయింది. భూమి ఇచ్చిన ఇంటివాళ్లకే లోపల చోటు. ఆ తోటే మా హక్కు.

తర్వాత గొంతు ఈ ఏడాది కొత్తగా పెట్టిన ప్రశ్న అడిగింది. కొండలో నలభై ఒక్క మంది నూకరత్నాలు ఉన్నారట. ఒకరి వివరాలు ఇంకొకరికి అంటుకోకుండా, ఈ పేరు ఎందుకు పెట్టారో బతికున్న పెద్దవాళ్లు చెప్పాలట.

పెద్దదాన్ని నేనే. చెప్పాను.

“దీనికి ముందు ఇద్దరు పురిట్లో పోయారు. దీన్ని నూకలకి దాలమ్మకి అమ్మేశాం. అందుకు.”

మా వాళ్లకైతే అంతే చాలు. వినగానే తల ఊపుతారు, మిగతాది అడగరు. గొంతు కూడా అడగలేదు. నమోదైంది అంది.

తిరిగి వస్తుంటే నూకరత్నం, గుప్పెడు నూకలకి మరీ చవగ్గా పోయానని మెట్ల పొడుగునా వేళాకోళం చేసింది.


భరణి, పన్నెండో రోజు

లోపల ఇద్దరు. నీళ్లు ఆరు బిందెలు. గాలిగుడ్డకి పసుపు దుమ్ము పట్టింది. రెండుసార్లు ఉతికాను.

ఉదయం నూకరత్నం నీళ్లకి వెళ్లి వచ్చి కార్డు చూపిస్తే మా గది తలుపు వెంటనే తెరుచుకోలేదు. నేను ముప్పై దాకా లెక్కపెట్టాను. అప్పుడు తెరుచుకుంది. తలుపు మీద దీపం నీలంగా ఉండాలి. పసుప్పచ్చగా ఉంది.

జోగారావుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన మా వైపు మనిషే, మా కింది ఊరు. కాగితం తీసి చదివి వినిపించారు. ‘పుట్టిన ఇంటి నుంచి విక్రయం. కొన్నవారు: దాలమ్మ, కార్డు లేదు, బయటి షెడ్లు. విక్రయం చెప్పినవారు: అక్క.’

జరిగింది జరిగినట్టు చెప్పాను. పురిట్లో పిల్లలు దక్కని ఇంట్లో ఇంకో పిల్ల పుడితే, ఆ పిల్లని చేటలో పెట్టి గడప బయట ఉంచుతారు. కడుపు చలవ గల, పిల్లలందరూ దక్కిన మనిషి ఒకామె వచ్చి తల్లి కొంగులో గుప్పెడు నూకలు వేసి పిల్లని ఎత్తుకుంటుంది. పొయ్యి మీద ఎసరు కాగేలోపు తల్లి అవే నూకలు తిరిగి ఇచ్చేసి పిల్లని తెచ్చుకుంటుంది. పిల్ల తన ఇంట్లోనే పెరుగుతుంది. కానీ వెతుక్కుంటూ వచ్చే మృత్యువుకి, ఈ ఇంట్లో ఉన్నది ఈ ఇంటి పిల్ల కాదు.

“నాకు చెప్పాలేటమ్మా. మా మేనత్త పేరు పెంటమ్మ” అన్నారు జోగారావుగారు. ఆమెని పెంటకుప్ప మీద పెట్టి తెచ్చుకున్నారట. “మరి తిరిగి కొనుక్కున్నామనీ చెప్పాల కదా.”

చెప్పలేదు. తిరిగి తెచ్చుకోకుండా ఎవరుంటారు అనుకున్నాను. అనుకున్నానని కూడా కాదు. నాకు తక్కువ మాట్లాడటం అలవాటు.

ఇప్పుడు చెబుతాను, రాయండి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఒకసారి నమోదైన మాటకి ఎదురు మాట చెబితే చెప్పినవాళ్ల కార్డు రద్దవుతుంది. పైగా నేను అక్కని, నా రెండో మాటకి విలువ ఉండదు. ఆ మాటని సరిచేయగలిగింది కొన్న మనిషి ఒక్కతే. పిల్లని తిరిగి ఇచ్చేశాను అని దాలమ్మ అంటే సరిపోతుంది. అది కూడా తలుపులు మూసేలోపు.

రోహిణి కార్తె మొదటి రోజు సూర్యోదయానికి కొండ తలుపులు మూస్తారు. మృగశిరకి తీస్తారు. కార్డు లేనివాళ్లు ఆ ఎండలో బయటి షెడ్లలోనే ఉంటారు. కిందటి రోహిణికి బయట నూట పన్నెండు మంది. తలుపులు తీసినప్పుడు లేచి వచ్చినవాళ్లు ముప్పై ఒక్కరు. నేనూ చూశాను. అందరం మెట్ల మీద నిలబడి చూశాం.

ఇంటికి వచ్చి నూకరత్నానికి చెప్పాను. తప్పు నాది అని కూడా చెప్పాను. అది బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఏరడం ఆపలేదు.

“దాలమ్మత్త ఉంది కదా. సెప్పీస్తాది” అంది.


కృత్తిక కార్తె, రెండో రోజు

లోపల ఇద్దరు. నీళ్లు అయిదు బిందెలు. గాలిగుడ్డ ఉతికాను. దుమ్ము ఎర్రబడుతోంది.

జోగారావుగారు మాటలు నమోదు చేసుకునే చేతిపెట్టె తీసుకుని షెడ్లకి వెళ్లేది కృత్తిక ఆరో రోజున. అంతకు ముందు మేము దాలమ్మతో మాట్లాడకూడదు. మాట నేర్పారు అని తేలితే ఆమె మాట చెల్లదు.

ఎదురు చూడటం తప్ప పని లేదు. నూకరత్నం నా రెండు రవికెలకి కుట్లు వేసింది. నా జపమాల తెగిపోయి ఉంటే మళ్లీ గుచ్చి పెట్టింది. పూసలు నూట ఏడే ఉన్నాయి, ఒకటి దేవుడు ఉంచుకున్నాడా అని అడిగింది. మంచం కింద వెతికి ఆ ఒకటీ తెచ్చింది.

లోపల నిప్పు వెలిగించకూడదు, వంట కూడా కరెంటు పొయ్యి మీదే. నా దీపం పందొమ్మిదేళ్లుగా ఖాళీ కుందె. రోజూ తోమి, వత్తి ఉండాల్సిన చోట పసుపు చుక్క పెట్టి దణ్ణం పెట్టుకుంటాను. అమ్మవారు చూస్తుంది, వెలుగు ఉందా లేదా అని అడగదు అనుకుంటాను. ఈ రోజు మాత్రం చుక్క పెట్టాక చాలాసేపు కూర్చున్నాను.

ఆ పూట బాగా గుర్తుంది. నాకు పన్నెండేళ్లు. చేట నేనే తెచ్చాను. పిల్ల ఏడవలేదు. దాలమ్మకి అప్పటికి నలుగురు కొడుకులు, నలుగురూ రాళ్లలా ఉండేవారు. అందుకే ఆమెని పిలిచాం. నూకలు వేసింది. ఎసరు ఇంకా కాగలేదు. అమ్మ నూకలు ఆమె గిన్నెలో వంపింది. పిల్లని ఎత్తుకుని గడప దాటి ఇంట్లోకి తెచ్చింది నేనే. మా అమ్మ ఒళ్లో వేసింది నేనే.

అయినా అమ్మ బతికినన్నాళ్లూ బయటివాళ్ల ముందు నూకరత్నాన్ని నా కూతురు అనలేదు. ఎవరైనా అడిగితే, దాలమ్మ పిల్ల, మా దగ్గర ఉంటోంది అనేది. బడిలో కూడా అలాగే అంటే పంతులుగారు నవ్వారు. దాలమ్మ కూడా వీధిలో దాన్ని చూసినప్పుడల్లా ‘నా పిల్లొచ్చింది’ అని గట్టిగా అరిచేది. మృత్యువు ఏ మూల నుంచి వింటుందో అని.

ఇది రాస్తుండగా నాకు ఒక భయం పట్టుకుంది. నూకరత్నానికి చెప్పలేదు.


కృత్తిక, ఆరో రోజు

లోపల ఇద్దరు. నీళ్లు అయిదు బిందెలు. గాలిగుడ్డ ఉతకలేదు. మొదటిసారి.

తెల్లవారుతూనే బయలుదేరాం. నేను, నూకరత్నం, జోగారావుగారు. తొమ్మిది దాటితే బయట నడవలేం. నేల అప్పటికే చెప్పుల్లోంచి కాలుతోంది. చెట్టు అనేది ఎక్కడా లేదు. షెడ్ల రేకులకి సున్నం కొట్టి ఉంది. మనుషులు గోనెలు తడుపుకుంటున్నారు.

దాలమ్మకి ఇప్పుడు ఎనభై. నలుగురు కొడుకుల్లో ఒక్కడూ లేడు. షెడ్డు వెనక ఒక ఎండిన బావి ఉంది. ఏటా రోహిణికి అందులోకి దిగి, పైన గోనెలు కప్పుకుని పడుకుంటుంది. పదమూడు రోహిణిలు అలా గడిపింది. పోరంబోకులో గుడిసె వేసుకున్న మనిషి, ఇవ్వడానికి తోట లేదు. అందుకే కార్డు లేదు.

జోగారావుగారు మమ్మల్ని పది అడుగుల దూరంలో నిలబెట్టారు. చేతిపెట్టె ఆమె ముందు పెట్టారు. ఆయన గొంతు మెత్తగా ఉంది. కానీ ప్రశ్న ఆయనది కాదు, పెట్టెది. అక్షరం మార్చకూడదు.

“దాలమ్మా, అక్కడ నిలబడిన మనిషి ఎవరి కూతురు?”

దాలమ్మ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. గుర్తుపట్టింది. ముఖం విప్పారింది. తర్వాత పెట్టె వైపు చూసింది, జోగారావుగారి బూడిదరంగు చొక్కా చూసింది. పై నుంచి మనిషి వచ్చి పిల్ల ఎవరిదని అడుగుతున్నాడు. నలభై నాలుగేళ్లుగా ఆమె కాచుకుని ఉన్న ప్రశ్న అదే.

“నాది. నా పిల్లే. గుప్పెడు నూకలకి కొన్నాను.”

నేను ఒక అడుగు ముందుకు వేశాను. జోగారావుగారు చెయ్యి ఎత్తి ఆపారు. రెండో ప్రశ్న అడిగారు.

“ఆ పిల్లని ఎప్పుడైనా తిరిగి ఇచ్చావా?”

“ఎందుకిస్తాను బావూ? నా పేణం ఉండగా ఇవ్వను. ఎవులడిగినా ఇదే మాట. రాసుకో.”

అని, నా వైపు తిరిగి కన్ను గీటింది. మీ అమ్మకిచ్చిన మాట నిలబెట్టాను చూశావా అన్నట్టు.

పెట్టె నమోదైంది అంది.

నూకరత్నం వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. కార్డు సంగతి ఎత్తలేదు. దాలమ్మ దాని గడ్డం పట్టుకుని, చిక్కిపోయావు, మీ అప్ప కూడు పెట్టడం లేదా అని అడిగింది. పెడుతుంది గానీ ఉప్పు వెయ్యదు అంది నూకరత్నం. ఇద్దరూ నవ్వుకున్నారు. ఎండ ఎక్కుతోందని జోగారావుగారు లేపేదాకా కూర్చున్నారు.

తిరిగి వచ్చాక కొండ తలుపు దగ్గర జోగారావుగారు, మృగశిర తర్వాత మనవి పెట్టుకోవచ్చు, వింటారు అన్నారు. మనిషి స్వయంగా హాజరు కావాలి అని కూడా అన్నారు. అని తల దించుకున్నారు.


కృత్తిక, తొమ్మిదో రోజు

లోపల ఇద్దరు. నీళ్లు అయిదు బిందెలు. గాలిగుడ్డ ఉతికాను.

నూకరత్నం కొత్త కార్డు వచ్చింది. మేం అడిగిన మార్పులన్నీ చేశారు. భర్త లేడు అని ఉంది. ఫొటో కూడా కొత్తది, బాగా వచ్చింది. తల్లి పేరు దగ్గర దాలమ్మ అని ఉంది. నివాసం దగ్గర బయటి షెడ్లు. పైన ‘శాశ్వత’ అన్న మాట తీసేశారు. కింద ఒక వాక్యం: ‘మీ వివరాలు ఇప్పుడు సరిగ్గా ఉన్నాయి.’

దానికి రేపు సాయంత్రం దాకే తలుపు తెరుచుకుంటుంది.

జోగారావుగారిని ఒకటే అడిగాను. నా చోటు దానికి ఇవ్వచ్చా అని. చోటు మనిషితో ఉంటుంది, చేతులు మారదు అన్నారు. నేను పోతే ఖాళీ అవుతుంది, అంతే.

అమ్మవారి ముందు కూర్చుని, నా నోటికి ఆ రోజు ఇంకో నాలుగు మాటలు ఎందుకు ఇవ్వలేదు అని అడిగాను. ఆమె కూడా తక్కువ మాట్లాడుతుంది.


కృత్తిక, పదో రోజు

లోపల ఒక్కరు. నీళ్లు మూడు బిందెలు. గాలిగుడ్డ ఉతికాను.

అది వెళ్లిపోయింది. సాయంత్రం దాకా ఉండమన్నాను. దాలమ్మత్త గోనెలు ఒక్కతే తడుపుకోలేదు, బేగి వెళ్లాలి అంది. దారికి రొట్టెలు చేశాను. ఉప్పు వేశాను.

మూట కట్టుకుంటూ, “ఓలప్పా, నువ్వు ఇలా మొకం ఎట్టుకుంటే నాను నవ్వుతూ ఎల్లలేను” అంది. తర్వాత, నాకు ఇద్దరమ్మలు, ఒకమ్మ కని పెంచింది గానీ ఆమెకి నేను చేసిందేమీ లేదు, ఈ అమ్మకైనా చేస్తాను అంది. ఆమెకి కార్డు సంగతి చెప్పదట. చూసుకోవడానికి వచ్చానని చెబుతుందట.

ఇంకో మాట కూడా అంది. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. “నువ్వు అబద్ధం సెప్పలేదు. ఆ ముసిల్దీ సెప్పలేదు. మరెవులు సెప్పారప్పా?”

దాని నెత్తిన చెయ్యి పెట్టాను. వెళ్లింది. తలుపు మీద దీపం ఎర్రగా మారింది.

చాప చుట్టి పక్కన పెట్టాను. మళ్లీ పరిచాను.


కృత్తిక, పన్నెండో రోజు

లోపల ఒక్కరు. నీళ్లు మూడు బిందెలు. గాలిగుడ్డ ఉతికాను. దుమ్ము నల్లెరుపు.

ఈ రోజు నాకు కాగితం వచ్చింది. చెల్లెలి తల్లి పేరు మారింది కాబట్టి నా కార్డులోని వివరాలు దానికి సరిపోవడం లేదట. తోబుట్టువుల గడిలో ‘ఒకరు’ అని ఉంది. ‘లేరు’ అని సవరించుకోవాలి. రేపు మధ్యాహ్నం గడువు.

సాయంత్రం జోగారావుగారు నా గదికే వచ్చారు. ఆయన ఎవరి గదికీ వెళ్లరు. గుమ్మంలోనే నిలబడ్డారు. అంతా సిద్ధం చేసి ఉంచానన్నారు. గొంతు చదువుతుంది, అవునన్నట్టు వేలిముద్ర వేస్తే చాలు, నోరు విప్పక్కర్లేదు అన్నారు.

“మీకు మాట్లాడక్కర్లేకుండా సేసినానమ్మా. అది మీకు కొత్త కాదు కదా” అన్నారు. ఎత్తిపొడుపు కాదు. బతిమాలుతున్నారు.

చెల్లెలు ఎలాగూ తిరిగి రాదు, మీరు ఏమన్నా దాని కార్డు మారదు, మీరైనా ఉండండి అన్నారు. అదీ నిజమే. మంచినీళ్లు ఇచ్చాను. తాగి వెళ్లారు.

మాల తిప్పుతూ కూర్చున్నాను. నూట ఎనిమిదీ ఉన్నాయి.


కృత్తిక, పదమూడో రోజు

లోపల ఒక్కరు. నీళ్లు తేలేదు. గాలిగుడ్డ ఉతికి, ఆరేసి, కిటికీకి కట్టి వచ్చాను. తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తుంది.

నమోదు గదికి వెళ్లాను. గొంతు చదివింది. పేరు: సన్యాసమ్మ. వయసు: యాభై ఆరు. తల్లి: మార్పు లేదు. హక్కు: మూడెకరాల జీడితోట. తోబుట్టువులు: లేరు. సరేనా అని అడిగింది. వేలు పెట్టే చోట చిన్న వెలుగు వచ్చింది.

ఆ వెలుగు చూస్తూ నిలబడ్డాను. పక్క గదిలో జోగారావుగారు కాగితాలు సర్దడం ఆపేశారు.

వేలు పెట్టలేదు. మాట్లాడాను. నా జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

“నాకు ఒక చెల్లెలు ఉంది. పేరు నూకరత్నం. ఆ రోజు సగమే చెప్పాను, మిగతా సగం ఇప్పుడు చెబుతున్నాను. దాన్ని అమ్మాం. పొయ్యి మీద ఎసరు కాగేలోపు, అవే నూకలు ఇచ్చి తిరిగి కొనుక్కున్నాం. గడప దాటించి లోపలికి తెచ్చింది నేనే. మా అమ్మ ఒళ్లో వేసింది నేనే. ఆ పిల్ల మాది. దాలమ్మ నాది అన్నది దాన్ని బతికించుకోవడానికి. మా అమ్మ నాది కాదు అన్నది కూడా అందుకే. ఇద్దరూ చెప్పింది నిజమే. తోబుట్టువులు ఒకరు. అలాగే ఉంచండి.”

ఇది ముందు నమోదైన మాటకి ఎదురు మాట, కొనసాగించమంటారా అని గొంతు అడిగింది.

కొనసాగించమన్నాను.

జోగారావుగారు బయటికి వచ్చారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. ఇలా చేస్తే దాని కార్డు మారదని మీకు తెలుసు కదా అని అడిగారు. తెలుసన్నాను. మరి దేనికి అన్నారు. దానికి అక్క లేదు అని నా వేలితో ముద్ర వేయలేను అన్నాను.

రద్దు రేపు సాయంత్రం నుంచి అమలు. ఎల్లుండి రోహిణి.


కృత్తిక, పద్నాలుగో రోజు

లోపల ఎవరూ లేరు. తలుపు మూశాను.

తెచ్చుకున్నవి: కుందె, జపమాల, రెండు చీరలు, సీసాలో నూనె, వత్తులు, శేరు నూకలు. నూకలు జోగారావుగారు ఇచ్చారు. ఆయన వంతులోవి. ఈ పుస్తకం తిరిగి ఇవ్వాలి. ఇవ్వలేదు. ఆయన అడగలేదు.


రోహిణి కార్తె, మొదటి రోజు

బావిలో ముగ్గురం. నీళ్లు నాలుగు బిందెలు. గోనెలు తడిపాను.

ఇక్కడ పుస్తకం అడిగేవాళ్లు లేరు. అలవాటు కొద్దీ రాస్తున్నాను.

తెల్లవారుతుండగా కొండ తలుపులు మూసుకున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. నూకరత్నం నిన్న నన్ను చూసి తిట్టింది. ఇంత తిట్టగలదని నాకు తెలియదు. తర్వాత నా మూట లాక్కుని లోపల పెట్టింది. అప్పటి నుంచి ఆ సంగతి ఎత్తలేదు. దాలమ్మకి ఏమీ తెలియదు. రోహిణి గడపడానికి అప్పాచెల్లెళ్లు తన దగ్గరికి వచ్చారని సంతోషంగా ఉంది.

బావి అడుగున ఒక మనిషి కాళ్లు చాపుకునే చోటు ఉంది. ముగ్గురం మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. దిగే ముందు పైన రాళ్ల మధ్య మంట పెట్టి, కొన్ని నూకలతో జావ కాచాను. ఆ మంటతోనే కుందెలో వత్తి వెలిగించాను. పందొమ్మిదేళ్ల తర్వాత. దాలమ్మ చేతులు జోడించింది. నాకు ఏం అడగాలో తోచలేదు. చూస్తూ ఉండిపోయాను.

జావ తాగాక దాలమ్మ నన్ను చాలాసేపు చూసింది. దీనికి నేనున్నాను, నీకెవరున్నారు అని అడిగింది. అమ్మవారు ఉంది అన్నాను. ఆవిడ పైన ఉంది, మనం కింద ఉన్నాం అంది. మిగిలిన నూకల మూట విప్పమంది.

చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది. నూకరత్నం వైపు తిరిగి, “ఓలె, మీ అమ్మ నేదు. మీ ఇంటి మనిషివి నువ్వే. కొంగు పట్టు” అంది.

నూకరత్నానికి అర్థమైంది. కొంగు పట్టింది. నవ్వు తెచ్చుకుంది.

“సూసుకుని కొనుక్కో అత్తా. యాబయ్యారేళ్ల పిల్ల. మూడు పళ్లు నేవు. మాట్లాడదు.”

“మాట్లాడని పిల్లే మంచిది” అంది దాలమ్మ. నూకలు దాని కొంగులో వేసింది. నా చెయ్యి పట్టుకుని తన వైపు లాక్కుంది. పైకి, గోనెల సందులోంచి తెల్లగా మండుతున్న ఆకాశంలోకి చూసి, గొంతు ఎత్తి అరిచింది. “ఇదీ నా పిల్లే. ఇద్దరూ నా పిల్లలే. కొన్నాను.”

రివాజు ప్రకారం ఇప్పుడు నూకలు తిరిగి ఇవ్వాలి. నూకరత్నం నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. అది కొంగుని ముడి వేసుకుంది.

ఈసారి తిరిగి కొనుక్కోలేదు.

తల్లి: దాలమ్మ. తోబుట్టువులు: ఒకరు. నివాసం: బావి.

ఎండ ఇంకా బావి అంచు దగ్గరే ఉంది. కిందికి దిగలేదు.